సత్తు తట్ట దురాయి

ఉప్పుగట్టు పాళెం,
విడవలూరు మండలం.
9 జులై 2025

చిరంజీవి రోజారమణికి పెద్దమ్మ పిచ్చమ్మ దీవించి రాసేది ఏమంటే,

నీ ఒంట్లో ఎట్టా ఉంది? దగ్గు తగ్గిందా? ఆ పీల్చే మందు నీకు లోపల ఇస్తున్నారా, లేదా? నీతో ఉండే ఆడబిడ్డలందరూ కులాసానా? వాళ్లలో ఒకామె చంటిబిడ్డతో ఉందని శివ చెప్పినాడు. ఆ బిడ్డకి పళ్లు వచ్చినాయా, విరేచనాలు పట్టుకున్నాయా? మీ గదికి తాళం వేసే మేడం గారు బాగున్నారా? ఈ ఉత్తరాన్ని నీకన్నా ముందు చదివే సారు ఒకరు ఉంటారంట. ఆ సారుకి నా నమస్కారాలు. ఆయన, ఆయన ఇల్లాలు, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

ఇక్కడ శివ వేటకి పోతానే ఉన్నాడు. కోడలు దుర్గకి మోకాలు వాచింది, అయినా మానకుండా చేపల తట్ట ఎత్తుకొని విడవలూరు పోయి వస్తున్నది. నాకు బీపీ బిళ్ల రోజుకి ఒకటే. వేసుకున్నానో లేదో గుర్తుండక రెండు వేసుకున్నానేమోనని భయం. ఆ భయానికి ఒక్కోరోజు అసలు వేసుకోను. బడిపిల్లల ఆటో వచ్చినా పోలీసు జీపే అనుకొని లేచి లోపలికి పోతాను.

ఎవరిచేతన్నా రాయిద్దామంటే మన సంగతి వాళ్లకి తెలిసిపోతుంది. అందుకని ఎండుచేపల పందిరి కింద నువ్వు నేర్పిన అక్షరాలతో నేనే రాస్తున్నాను. మూడో తరగతితో నిలిచిపోయినదాన్ని, తప్పులుంటే దిద్దుకో.

అసలు నీ మీద కేసు ఏమిటో నాకు ఒక్కరూ సరిగ్గా చెప్పడం లేదు. పుస్తకం రాస్తే జైలేమిటి? ఒకరు మూడేళ్లంటారు, ఒకరు యావజ్జీవం అంటారు.

మీ లాయరమ్మ ప్రత్యూష వచ్చింది. తనకన్నా పెద్ద సంచి మోసుకొచ్చింది పాపం. "దురాయి అంటే ఏంటవ్వా?" అని అడిగింది. చెప్పినాను. పాళెం పెద్దలు గంగమ్మ మండపంలో కూర్చొని ఒక మాట అనుకుంటే, చాటేవాడు వీధివీధికీ అరిచి చెప్తాడు. అరిచినాక ఎవరూ దాన్ని దాటకూడదు. దాటితే గంగమ్మ ముందర తప్పు కట్టాలి. అంతే గదా? "మరి మొన్న జనవరిలో, ఒడ్డు కొలిచేదానికి రేవు కంపెనీవాళ్లు వచ్చినప్పుడు, దురాయి చాటింది ఎవరు?" అని అడిగింది. నాకు ఆ రోజు జొరం, ఇంట్లో పడుకోనున్నాను, తెలీదు అని చెప్పినాను.

మన సత్తు తట్ట గురించి నువ్వు దిగులుపడొద్దు. అది ఇంట్లో లేదు. యాడుందో ఇక్కడ రాయను. పందిరి కింద ఇసక తవ్వితే తప్ప ఎవరికీ కనపడదు.

ఇట్లు,
పెద్దమ్మ

*

జైలు, ఆడవాళ్ల విభాగం.
24 జులై 2025

పెద్దమ్మకి,

నేను బాగున్నాను. దగ్గు తగ్గింది. మందు ఇస్తున్నారు. చంటిబిడ్డకి కింద రెండు పళ్లు వచ్చాయి, దొరికిన చెయ్యల్లా కొరుకుతున్నాడు. శివ, దుర్గ ఎలా ఉన్నారో రాశావు, సంతోషం. బిళ్లలకి ఒక ఉపాయం చెప్తాను. ఏడు చిన్న పొట్లాలు కట్టి దండేనికి వేలాడదియ్యి. రోజుకో పొట్లం. పొట్లం లేకపోతే వేసుకున్నట్టే.

పాత సామాన్ల గురించి ఉత్తరాల్లో రాయొద్దు పెద్దమ్మా. నీకు దండం పెడతాను.

కేసు సంగతి అడిగావు. నువ్వు అడిగినట్టు ఇక్కడ ఎవరూ సూటిగా అడగలేదు. మన ఒడ్డుని రేవు కంపెనీకి రాసివ్వడం గురించి నేను వేసిన ‘పాళెం మాట’ పుస్తకం ఉంది కదా. కంపెనీ పరువు తీశానని ఒక కేసు. అది చిన్నది. ప్రభుత్వం మీదికి జనాన్ని ఉసిగొల్పానని రెండోది. దేశద్రోహం అనేవాళ్లే, ఇప్పుడు పేరు మార్చారు. శిక్ష ఏడేళ్ల దాకా వెయ్యొచ్చు, ఇంకా పైకీ పోవచ్చు. నీకు అబద్ధం చెప్పను.

మొత్తం అరవై నాలుగు పేజీల్లో వాళ్లు పట్టుకున్నది ఒక్క పేజీని. అందులో దురాయి మాటలున్నాయి. కోర్టులో సర్కారు లాయరు కళ్లజోడు సవరించుకుని చదివాడు: "కొలతకర్ర పట్టుకొచ్చినోళ్లకి నీళ్లు ఇయ్యొద్దు, దోవ చూపొద్దు, వేలిముద్ర వెయ్యొద్దు. ఒడ్డు కావాలంటే ముందర ఒడ్డునుండేవాళ్లని అడగాల. గంగమ్మ ముందర ఏ సర్కారూ సర్కారు కాదు." ఆయన చదువుతుంటే, అంత ముక్కుతో చదివినా, నాకు ఒళ్లు పులకరించింది. ఆ మాటకున్న బలం అది.

అరెస్టు చేసిన రోజు పెద్ద పోలీసాయన ఒకటే అడిగాడు. "ఈ మాట ఎవరిది? పేరు చెప్తే నీ భారం తగ్గుతుంది." నేను చెప్పాను: "పుస్తకం నాది, మాటా నాదే." ఇప్పుడు అడిగినా అదే. ఇంకో పుస్తకం వేసినా ఆ పేజీ తియ్యను.

నీకు ఆ రోజు జొరం. అదే మాట మీద ఉండు. ప్రత్యూష మంచి పిల్ల, మళ్లీ అడిగినా అదే చెప్పు. ములాఖత్‌కి శివని పంపు, నువ్వు రావద్దు.

నీ
రోజా

*

ఉప్పుగట్టు పాళెం.
6 ఆగస్టు 2025

చిరంజీవి రోజాకి,

నువ్వు, నీ తోటివాళ్లు, బిడ్డ, తాళం మేడం గారు, ముందుగా చదివే సారు, అందరూ క్షేమమని తలుస్తాను. పొట్లాలు కట్టినాను. కట్టిన రోజే కోతి రెండు లాక్కుపోయింది. దానికి బీపీ తగ్గి ఏమన్నా అవుతుందేమోనని రెండు రోజులు చెట్లన్నీ చూసినాను.

నువ్వు రాసిన ఏడేళ్లు అనే మాట దగ్గర చదవడం నిలిపినాను. మళ్లీ సాయంత్రం దాకా చదవలేదు. నాకిప్పుడు అరవై ఎనిమిది. కూడుకుంటే డెబ్బై ఐదు. అంతదాకా ఉంటానా? నీ తల్లి పోయేటప్పుడు నిన్ను నా ఒళ్లో పెట్టి పోయింది. పైన కనపడితే నేనేం చెప్పాలి?

ప్రత్యూషమ్మ మళ్లీ వచ్చింది. నీ కేసుని ముంచుతున్నది పోలేరయ్య కాగితం అంట. పాళేనికి పెద్దకాపుగా ఆయన, ఇంకో నలుగురు పెద్దలు పోలీసులకి సంతకం పెట్టి ఇచ్చినారు. ‘జనవరిలో మా పాళెంలో ఏ దురాయీ వెయ్యలేదు’ అని. దాన్ని పట్టుకొని, దురాయే లేనప్పుడు ఈమె సొంతంగా పుట్టించి జనాన్ని రెచ్చగొట్టింది అంటున్నారు. జరిగిన సంగతిని రాసినదానికీ, లేనిదాన్ని పుట్టించినదానికీ కోర్టులో చాలా తేడా ఉందంట. "చాటినవాళ్లు ఒక్కరు వచ్చి చెప్తే బెయిలుకి దారి దొరుకుద్దవ్వా. కానీ వాళ్ల మీదా కేసు పెట్టొచ్చు. అది దాచను" అని ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను చేపలు తిరగేస్తా కూర్చున్నాను. ఎండినవే మళ్లీ మళ్లీ తిరగేసినాను.

పోలేరయ్య అబద్ధం చెప్పలేదు, అదే నా బాధ. ఆయన లెక్కలో ఆ రోజు దురాయి లేదు. మగవాళ్లంతా వేటలో ఉన్నారు. మండపంలో ఎవరూ కూర్చోలేదు. ఆడవాళ్లు చాటింది దురాయి కాదు గదా మన కట్టులో.

రోజా, నేను ప్రత్యూషమ్మకి జొరమని అబద్ధం చెప్పినప్పటినుంచి నాకు నిజంగానే జొరం వస్తున్నది.

పెద్దమ్మ

*

జైలు, ఆడవాళ్ల విభాగం.
22 ఆగస్టు 2025

పెద్దమ్మకి,

ఈసారి కుశల ప్రశ్నలు లేవు. కోపంగా ఉన్నాను.

నీ ఉత్తరంలో సగం మాటలు నువ్వు రాయకూడనివి. నువ్వు నోరు విప్పితే నేను నీతో జన్మలో మాట్లాడను. నిన్ను ఇక్కడికి తెస్తే, నేల మీద పడుకోగలవా? రాత్రంతా లైటు ఆర్పరు. ఆ పొట్లాలు ఎవరు కడతారు? నేనొక పేరు చెప్తే వాళ్లు ఒక పేరుతో ఊరుకోరు. ఆ రోజు ఒడ్డున ఇరవై ముగ్గురు ఆడవాళ్లున్నారు. ఇరవై మూడు ఇళ్ల ముందు జీపు ఆగుతుంది.

బెయిలు కొట్టేశారు. శివ చెప్పే ఉంటాడు. అయినా నేను ఏడవలేదు. బయటికి తెస్తుంటే విలేకర్లు అడిగారు, "పశ్చాత్తాపపడుతున్నారా?" అని. "అచ్చుతప్పులు మూడున్నాయి, వాటికి పడుతున్నాను" అన్నాను. ఇక్కడ ఆడవాళ్లు ఆ మాట చెప్పుకుని వారం రోజులు నవ్వారు.

ఇక్కడ ఆరుగురికి అక్షరాలు నేర్పుతున్నాను. నల్లబల్ల లేదు, సిమెంటు నేల మీద నీళ్లతో రాస్తాం. ఆరిపోయేలోపల చదవాలి. తొందరగా వస్తోంది వాళ్లకి.

నా ఆరోగ్యం బాగుంది. దగ్గు లేదు. నువ్వు ఊరుకో. ఊరుకోవడం ఒక్కటే నువ్వు నాకు చెయ్యగలిగిన సాయం.

రోజా

*

ఉప్పుగట్టు పాళెం.
20 సెప్టెంబరు 2025

రోజారమణికి,

దగ్గు లేదా? మూడు రోజులు ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టుకొని పడుకున్నదానివి, దగ్గు లేదా? ప్రత్యూషమ్మ నోరు జారింది. నాకు అబద్ధం చెప్పనని జులైలో రాసినావు. ఆ కాగితం నా దగ్గరుంది.

నీకు కోపం వస్తే కుశలం అడగవు. నాకు కోపం వచ్చినా అడుగుతాను. బిడ్డ బాగున్నాడా? నేల మీద రాసే ఆరుగురూ బాగున్నారా? తాళం మేడం గారూ? చదివే సారూ, మీరు బాగున్నారా? సారూ, ఈ కింద రాసేది మీరు రెండుసార్లు చదువుకోండి.

జనవరి ఇరవై ఒకటిన మా ఒడ్డున తట్ట కొట్టి దురాయి చాటింది నేను. పిచ్చమ్మని. నాకు జొరం లేదు. గంగమ్మ ముందర ఏ సర్కారూ సర్కారు కాదన్నది నేను. రోజా పక్కన నిలబడి రాసుకున్నది, అంతే.

ఇంక నీకు చెప్పేది. ఆ రోజు కొలిచేవాళ్లు జెండా కర్రలు పాతుకుంటా పందిరి దాకా వచ్చినారు. నాకు పుట్టిన భయం ఒకటే, రేపు చేపలు యాడ ఎండేసేది అని. ఆ భయంలోనే ఇంట్లోకి పరిగెత్తి తట్ట, గరిటె తెచ్చినాను. నేను ధైర్యంగా చెయ్యలేదు. భయంగానే చేసినాను. నువ్వేమో పుస్తకంలో ‘ఒక గొంతు’ అని రాసినావు, పేరు లేకుండా. అప్పుడు నాకు బాగుండింది. ఇప్పుడు బాగాలేదు.

మొన్న ఆదివారం పందిరి కింద ఇసక తవ్వి తట్ట తీసినాను. కడిగి, చేత్తో పట్టుకొని గంగమ్మ మండపం దగ్గరికి పోయినాను. పెద్దలు కూర్చొని ఉన్నారు. ఆడవాళ్లు మెట్టు ఎక్కకూడదు గదా, కిందనే నిలబడినాను. దుర్గ కుంటుకుంటా నా వెనకాల వచ్చింది. దాని వెనక ఇంకా కొంతమంది.

"ఏం మే పిచ్చమ్మా, తట్టతో వచ్చినావ్, ఈడ బేరం పెడతావా?" అన్నాడు పోలేరయ్య. అందరూ నవ్వినారు.

"బేరానికి కాదు పోలేరన్నా, అడిగేదానికి. దురాయి ఎయ్యలేదని పోలీసోళ్లకి రాసిచ్చినావంటనే?"

"ఎయ్యలేదు కాబట్టి ఎయ్యలేదన్నా. మేమందరం సముద్రంలో ఉండాం. ఆడోళ్లు తట్టలు కొడితే దురాయి అవుద్దా? మా తాత కాలం నుంచి యాడన్నా ఉండాదా?"

"అట్టయితే ఆ సాయంత్రం పడవ దిగినాక, కొలిచేవాళ్లు నీ ఇంటి ముందర నిలబడి చెంబుడు నీళ్లు అడిగితే ఎందుకియ్యలా? తలుపేసుకున్నావ్. పదకొండు దినాలు ఏసుకున్నావ్. అది దురాయి కాకపోతే ఎవురికి భయపడినావన్నా? నాకా?"

పోలేరయ్య తలపాగా సర్దుకున్నాడు. అప్పుడు చిన్నపోలయ్య లేచినాడు. కొలిచేవాళ్ల జెండాలు, కర్రలు పడవలో వేసుకొని తిప్పి మన దురాయి దాటినాడే, ఆ చిన్నపోలయ్య.

"నేను తప్పు కట్టినా" అన్నాడు. "ఆడోళ్లందరి ముందర, గంగమ్మ కాడ, తలగుడ్డ తీసి నిలబడినా. గంపెడు బొంతచేపలు పంచినా. దురాయి కాదంటే నా తలగుడ్డ ఎందుకు తీయించినారు? పోయిన పరువు నాకియ్యండి. చేపలు కూడా."

"చేపలు తిన్నాం గదరా" అన్నాడొకాయన.

"తిన్నారు గదా! దురాయి కాకపోతే ఎట్టా తిన్నారు?"

ఆడవాళ్లు నవ్వినారు. పోలేరయ్య కూడా మీసాల్లో నవ్వినాడు, ఆయన చెడ్డవాడు కాదు. "సంతకం పెట్టేసిన కాగితాన్ని ఇప్పుడేం జేస్తాం పిచ్చమ్మా?" అన్నాడు.

"ఇంకోటి రాయి. నీకు సంతకం వచ్చు గదా."

రాస్తానో రాయనో చెప్పలేదు. ఆలోచిస్తానన్నాడు. నేను ఆలోచించడం అయిపోయింది. దుర్గ ఫోను తీసుకొని ప్రత్యూషమ్మకి చెప్పేసినాను. మేజిస్ట్రేటు ముందర చెప్పేదానికి తారీకు అడుగుతానంది.

జన్మలో మాట్లాడనన్నావు. మాట్లాడకు. ఉత్తరం రాయి, చాలు.

పెద్దమ్మ

*

జైలు, ఆడవాళ్ల విభాగం.
8 అక్టోబరు 2025

పెద్దమ్మకి,

నీ ఉత్తరం నాకు పది రోజులు ఆలస్యంగా అందింది. అది ఎక్కడెక్కడికి పోయి వచ్చిందో ఊహించగలను. ఇచ్చేటప్పుడు ఆ ఉత్తరాలు చూసే సారు నేల చూపులు చూస్తూ అన్నాడు: "మా ఇంట్లో అందరూ బాగున్నారని మీ పెద్దమ్మకి రాయండి. పెద్దపాపకి మాత్రం టాన్సిల్స్." రాస్తున్నాను.

ముందు ఏడ్చాను. తరవాత నిన్ను తిట్టాను. నేల మీద నీళ్లతో రాసే ఆరుగురికి నీ ఉత్తరం చదివి వినిపించాను. చేపల దగ్గరికి వచ్చేసరికి గది గదంతా నవ్వు. తాళం మేడం వచ్చి ఏంటీ గోల అంది. ఆమెకీ చదివాను.

అందరూ పడుకున్నాక ఒక సంగతి తట్టింది, అప్పటినుంచీ నిలవనివ్వడం లేదు. పోలేరయ్య మామ నీ దురాయిని లెక్కలోకి తీసుకోలేదని నాకు కోపం వచ్చింది కదా. మరి నేనేం చేశాను? పుస్తకంలో ‘ఒక గొంతు’ అన్నాను. స్టేషన్లో ‘మాట నాదే’ అన్నాను. నిన్ను కాపాడుతున్నాననే అనుకున్నాను. కాపాడుతూనే నీ మాటని నా పేరు మీద దాచేసుకున్నాను. నువ్వు ఇచ్చెయ్యమని అడుగుతున్నావు. అది నీది. తీసుకో.

భయం పోయిందని అనుకోకు. నాకు చాలా భయంగా ఉంది, నీ గురించే. అయినా ఇంక ఊరుకోమని రాయను. మేజిస్ట్రేటు ముందు వాళ్లు ఎంత తొందరపెట్టినా నువ్వు నీ నిదానంలోనే చెప్పు. తెలియనిది తెలియదను. ఇరవై ముగ్గురి పేర్లు అడిగితే, నా పేరు ఒక్కటే నాకు తెలుసు అను.

దగ్గు ఉంది. రాత్రులు ఎక్కువ. మందు ఇస్తున్నారు, ఇది నిజం. ఇంక దాచను.

ములాఖత్‌కి నువ్వే రా. ఆధార్ కార్డు మర్చిపోవద్దు. తినేవి లోపలికి రానివ్వరు, ఎండుచేపలు అసలు తేవద్దు. ఏ రోజు వస్తావో ముందే రాయి. ఆ రోజు తల దువ్వుకుంటాను.

నీ
రోజా

*

ఉప్పుగట్టు పాళెం.
5 నవంబరు 2025

చిరంజీవి రోజాకి,

నువ్వు, బిడ్డ, ఆరుగురు, మేడం గారు క్షేమమా? సారూ, పెద్దపాపని ఐసు తిననియ్యొద్దు. ఉప్పునీళ్లు పుక్కిలించమనండి. గోరువెచ్చగా ఉండాలి, వేడిగా కాదు.

మొన్న సోమవారం కోర్టుకి పోయినాను. తట్టని గేటు దగ్గర ఆపినారు. "ఏముంది లోపల?" అన్నాడు పోలీసు. "ఏముంటది నాయనా, సొట్ట ఉంది" అన్నాను. లోపలికి మాత్రం రానియ్యలేదు, గేటు కాడే పెట్టించినారు.

మేజిస్ట్రేటు కూడా ఆడబిడ్డే. నీ ఈడు ఉంటుంది. శివనీ, ప్రత్యూషమ్మనీ బయట ఉండమంది. నీళ్లు తాగమంది. తాగినాను, చీర మీద సగం పోసుకున్నాను. "ఎవరైనా చెప్పమని బెదిరించారా? భయపడి చెప్తున్నారా?" అని అడిగింది.

"భయంతోనే చెప్తుండానమ్మా. నాకు భయం లేకపోతే ఆ పొద్దు తట్ట కొట్టే పనే లేదు."

ఆమె రాసుకునేది నిలిపి నన్ను చూసింది. ఆ రోజు ఏమన్నారో అదే మాట చెప్పమంది. మెల్లగా చెప్పబోతే రాలేదు రోజా. అది మెల్లగా వచ్చే మాట కాదు. లేచి నిలబడి, మన వీధిలో అరిచినట్టే అరిచినాను. గంగమ్మ ముందర దాకా వచ్చేసరికి తలుపు తీసి బంట్రోతు తొంగిచూసినాడు. బయట వరండాలో మాటలన్నీ ఆగిపోయినాయంట, శివ చెప్పినాడు. చెప్పినాక కూర్చోకుండా నిలబడే ఉన్నాను, తిడతారేమోనని. ఆమె "కూర్చోండమ్మా" అంది, అంతే. వేలిముద్ర వెయ్యమన్నారు. వెయ్యనన్నాను. నువ్వు నేర్పిన సంతకం పెట్టినాను. ‘చ్చ’ దగ్గర కొంచెం వంకర పోయింది.

చిన్నపోలయ్య కూడా చెప్పినాడు. చేపల సంగతి వదలకుండా చెప్పినాడంట. పోలేరయ్య ఇంకో కాగితం రాసిచ్చినాడు. ‘ఆడవాళ్లు దురాయి వేసినారు, పాళెమంతా కట్టుబడినాము’ అని. సంతకం పెట్టేటప్పుడు "ఈ పొద్దు నుంచి మీరు కూడా మెట్టెక్కుతారు గామాల" అని గొణిగినాడు. "పిలిస్తే చూస్తాం" అంది దుర్గ.

బయటికొచ్చినాక ప్రత్యూషమ్మ నా చెయ్యి పట్టుకొని మెల్లగా చెప్పింది. "అవ్వా, మీ పేరుని రెండో ముద్దాయిగా చేర్చొచ్చు."

"రెండోది ఎందుకమ్మా? మాట నాది గదా, మొదటిదే రాయమను."

ఆ పిల్ల నవ్వలేదు. కళ్లు తుడుచుకుంది. నాకు దాని గురించి దిగులు పట్టుకుంది, తిండి సరిగ్గా తింటున్నదో లేదో.

బడిపిల్లల ఆటో వస్తే ఇప్పటికీ జీపే అనుకుంటున్నాను. ఆ భయం పోయేది కాదులే. తట్టని మళ్లీ ఇసకలో పెట్టలేదు. దుర్గ దాంట్లోనే చేపలు ఎత్తుకొని విడవలూరు పోతున్నది. కొనేవాళ్లు సొట్ట చూసి అడిగితే చెప్తున్నదంట.

నీ బెయిలు మళ్లీ పద్దెనిమిదిన వింటారంట. అందుకని ములాఖత్ ఆ మర్నాటికి పెట్టుకున్నాను. బీపీ పొట్లాలు వారానికి కట్టి సంచిలో వేసినాను, నన్ను కూడా లోపల ఉంచేసుకుంటే పనికొస్తాయి. బెయిలు వస్తే గేటు బయట నీ కోసం నిలబడి ఉంటాను. రాకపోతే ములాఖత్ జాలీకి ఇవతల ఉంటాను. నన్నే పట్టుకుంటే నీ పక్కన చాపేసుకుంటాను. ఎట్టయినా నువ్వు తల దువ్వుకో.

నవంబరు పందొమ్మిది, బుధవారం, పొద్దున పదిన్నరకి.

పెద్దమ్మ
పిచ్చమ్మ